నయం కాకపోతే విశ్వాసం లేనట్టేనా? మార్కు 11:24 అసలు ఏం చెబుతోంది?

పరకాల_బిడ్డ
అందరికీ వందనాలు. మా బాపుకి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు వరంగల్ తీసుకొచ్చి ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ చేయిస్తున్నాం. మేం ఒక చిన్న స్వతంత్ర క్రైస్తవ సంఘానికి పోతాం, పేరు వద్దు. అక్కడివాళ్లు మనుషులు మంచివాళ్లే. బాపుకి బాగా లేనప్పటి నుంచి ఇంటికొచ్చి ప్రార్థన చేసి పోతున్నారు, చేతిలో ఎంతో కొంత పెట్టిపోతున్నారు కూడా.

కానీ మొన్న ఆదివారం సేవకుడు, అంటే మా పాస్టరు, బాపు ముందే అన్నాడు: "పొందియున్నామని నమ్ముడి అని ప్రభువు చెప్పిండు. నమ్మినోడు మళ్లీ మంగళవారం పోయి మిషన్ పక్కన ఎట్ల పండుకుంటడు? అది అవిశ్వాసం కాదా?" వచ్చే వారం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. అది అయ్యాక డయాలసిస్‌కు పోవద్దంటున్నారు.

రాత్రి బాపు నన్ను అడిగాడు, "బిడ్డా, నా విశ్వాసమే తక్కువైందా?" అని. ఏం చెప్పాలో తెలియలేదు. నాకు సంఘంతో కొట్లాట పెట్టుకోవాలని లేదు. కానీ బాపు డాక్టర్ మాట కన్నా వాక్యం మాటే వింటాడు. కాబట్టి వాక్యంలోంచే చెప్పండి. "మీరు అడుగుచున్న వాటినెల్లను పొందియున్నామని నమ్ముడి; అప్పుడు అవి మీకు కలుగును" అనే మార్కు 11:24 అర్థం నిజంగా వాళ్లు చెప్పేదేనా?

డయాలసిస్_సిస్టర్
అమ్మా, నేను చాలా ఏళ్లుగా డయాలసిస్ యూనిట్‌లోనే నర్సుగా చేస్తున్నా. వాక్యం సంగతి తెలిసినవాళ్లు చెబుతారు, ముందు నా మాట విను. డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు నిలిచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, మనిషికి ఊపిరాడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె చెప్పకుండా ఆగిపోతుంది. ఈ రెండోదానికి ముందుగా నొప్పి, గుర్తు అంటూ పెద్దగా ఉండవు. "బాగానే ఉన్నాడు కదా, నయమైంది" అనుకునేది ఇక్కడే.

ఉపవాసం గురించి కూడా. మూడు రోజులు పస్తులుండి చివర్లో కొబ్బరినీళ్లో పండ్ల రసమో ఇచ్చి విడిపిస్తారు కదా? మీ బాపుకి పస్తు కన్నా ఆ కొబ్బరినీళ్లే ప్రమాదం. వాటిలో పొటాషియం చాలా ఎక్కువ. బాపుకి షుగర్ కూడా ఉంటే పస్తు అసలే వద్దు. నేనూ ప్రార్థన చేసేదాన్నే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మోడరేటర్
ఏ సంఘం పేరూ, ఏ సేవకుడి పేరూ, ఏ ఆస్పత్రి పేరూ ఇక్కడ రాయొద్దు. మతం మీద మతం పోటీ కూడా వద్దు. అడిగినదానికి జవాబు చెప్పండి.

బాప్టిస్టు_హనుమకొండ
అమ్మా, నేను సేవకుడిని కాదు. కొంతకాలం వేదాంత కళాశాలలో చదివి తర్వాత టీచర్ ఉద్యోగంలోకి వచ్చినవాడిని. తెలిసింది చెబుతాను, కొంచెం పెద్దగా ఉంటుంది.

ఆ 24వ వచనాన్ని ఒంటరిగా చదివితే మీ సంఘంవాళ్లు చెప్పినట్టే వినిపిస్తుంది. అందుకని 11వ అధ్యాయం మొదటి నుంచి చదవండి. యేసు బేతనియ నుంచి యెరూషలేముకు వస్తున్నాడు. దారిలో ఆకులే తప్ప కాయ లేని అంజూరపు చెట్టును శపించాడు. దేవాలయంలోకి వెళ్లి రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోశాడు. "నా మందిరం ప్రార్థన మందిరం, మీరు దొంగల గుహ చేశారు" అన్నాడు. మరునాడు పొద్దున ఆ చెట్టు వేళ్లతో సహా ఎండిపోయి కనిపించింది. పేతురు అది చూపిస్తే అప్పుడు వచ్చిన మాట ఇది. చెట్టు, గుడి, మళ్లీ చెట్టు. మార్కు ఈ మూడింటినీ కావాలనే ఒకదానిలో ఒకటి పెట్టి చెప్పాడు. ఆకులు నిండుగా ఉండి పండు లేని చెట్టు ఆ గుడికి గుర్తు. గుడి పోతే మరి దేవుడిని ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి అనే ప్రశ్న శిష్యులకు వస్తుంది. దానికి జవాబుగా చెప్పిన మొదటి మాట 22వ వచనం: "మీరు దేవునియందు విశ్వాసముంచుడి."

చూడండి, మొదట చెప్పింది దేవుని మీద విశ్వాసం గురించి. మన విశ్వాసం మీద మనకు విశ్వాసం ఉండాలని చెప్పలేదు. ఇప్పుడు చాలాచోట్ల వినిపించేది ఆ రెండోదే. "డౌట్ రానివ్వకు, నోటితో రోగం పేరెత్తకు, స్వస్థత అయిపోయిందని ఒప్పుకో" అనే బోధ అపొస్తలుల కాలం నుంచి వచ్చింది కాదు. అమెరికాలో ఇ.డబ్ల్యు. కెన్యన్ అనే ఆయన రాసిన రాతల్లో దాని మొదళ్లు ఉన్నాయి. 20వ శతాబ్దం రెండో సగంలో కెన్నెత్ హేగిన్ దాన్ని ఊరూరా వ్యాపింపజేశాడు. టీవీలు వచ్చాక మన దాకా చేరింది. అందులో విశ్వాసం ఒక శక్తి, సరిపడా ఉంటే పని జరిగి తీరాలి. పని జరగకపోతే తప్పు ఎవరిది? రోగిదే. మీ బాపు అడిగిన ప్రశ్న అక్కడి నుంచే వచ్చింది.

23వ వచనంలో, నమ్మితే కొండ కూడా ఎత్తబడి సముద్రంలో పడుతుందని ఉంది. ఆ మాట కూడా యూదులకు కొత్త కాదు. ఎవరికీ అంతుపట్టని చిక్కును విప్పగల పండితుణ్ణి వాళ్లు "కొండలను పెళ్లగించేవాడు" అనేవాళ్లు. మనుషుల చేత కానిది దేవుని చేత అవుతుందని ఆ మాట భావం. అది నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. ఆయన ఎప్పుడు, ఎలా చేయాలో మనం నిర్ణయించి, చేసేసినట్టు నటించాలని మాత్రం అక్కడ లేదు.

ఇంకొకటి. 24 చదివినవాళ్లు 25 ఎందుకు చదవరో నాకు అర్థం కాదు. "మీకు ఒకని మీద విరోధమేమైనను కలిగియున్న యెడల, మీరు నిలువబడి ప్రార్థన చేయునప్పుడెల్లను వాని క్షమించుడి." నమ్మకంతో పాటు ప్రార్థనకు ఆ చోటే పెట్టిన ఇంకో షరతు అది. దాని మీద ఉపవాస కూటం పెట్టినవాళ్లను నేనింకా చూడలేదు!

ఎర్రజెండా_గోదావరిఖని
అంత పొడుగు ఎందుకు సార్. నయమైతే దేవుడి మహిమ, కాకపోతే నీ విశ్వాసం తక్కువ. రెండువైపులా పదునున్న కత్తి. ఎట్ల ఓడిపోతది?

ప్రార్థనాపరుడు_మానుకోట
నేను పెంతెకొస్తు సంఘం పెద్దను. బాప్టిస్టు బ్రదర్ చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటా, అయినా ఒకటి అడగాలి. మీరు చదువుకున్నవాళ్లు అన్నీ వివరించి వివరించి, ఆఖరికి ఎవరూ దేవుని దగ్గర ఏమీ ఆశించకుండా చేశారు. యాకోబు 5:14లో ఏముంది? రోగి ఉంటే సంఘపు పెద్దలను పిలిపించాలి, నూనె రాసి ప్రార్థన చేయాలి, విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరుస్తుంది. మీ పెద్ద చర్చీల్లో ఆఖరిసారి ఎవరి నుదుట నూనె రాశారు? నజరేతులో ప్రభువు అద్భుతాలు ఎక్కువ చేయలేకపోయాడు, వాళ్ల అవిశ్వాసానికి ఆశ్చర్యపడ్డాడు అని మార్కు 6లో ఉందా లేదా?

మా తండాల్లో, గూడేల్లో మనుషులు ప్రభువు దగ్గరికి వచ్చింది వేదాంతం విని కాదు. జ్వరంతో మూలుగుతున్న పిల్ల పక్కన రాత్రంతా కూర్చుని ఎవరో ప్రార్థన చేశారు. తెల్లారి పిల్ల లేచింది. నేను కళ్లతో చూశాను. ఎవరేమన్నా ఆ మాట వెనక్కి తీసుకోను.

అయితే అమ్మా పరకాల బిడ్డా, మందు మానమని నా నోటితో ఈ రోజు వరకు ఎవరికీ చెప్పలేదు, చెప్పను. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. అదే అధ్యాయంలో, యెషయా 38లో, ప్రవక్త ఏం చెప్పాడు? అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడే కట్టు కూడా కట్టించాడు. అప్పుడు హిజ్కియా "వాగ్దానం వచ్చింది కదా, కట్టు ఎందుకు, అది అవిశ్వాసం" అనలేదు. బాపుకి ముందు ఇది చదివి వినిపించు.

డోర్నకల్_అమ్మమ్మ
మంచిగ చెప్పినవ్ బిడ్డా మానుకోట. ఇంకోటి నేను చెప్త. పౌలు చేతి గుడ్డలు తీసుకపోయి రోగుల మీద వేస్తే నయమైనయి అని అపొస్తలుల కార్యములలో ఉన్నది. అదే పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో ఆఖరికి, "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని" అంటడు. విడిచిపెట్టి వచ్చిండు! త్రోఫిముకు విశ్వాసం లేదని ఒక్క మాట అన్నడా? తిమోతికి కడుపునొప్పి ఎప్పుడూ ఉంటుండె, దానికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అని చెప్పిండు. ప్రార్థన చాలలేదు నీకు అని తిట్టలేదు.

పరకాల_బిడ్డ
అందరికీ చాలా థ్యాంక్స్. హిజ్కియా సంగతి ఈ రోజే చదివి వినిపించాను. బాపు మౌనంగా విన్నాడు. మంగళవారం డయాలసిస్‌కు పోయి వచ్చాం.

కానీ సంఘంవాళ్లు ఇంకో రెండు వచనాలు పంపారు. ఒకటి, రక్తస్రావం ఉన్న స్త్రీ. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చు పెట్టినా బాగుపడలేదు, ప్రభువు వస్త్రం ముట్టి బాగుపడింది, "నీ విశ్వాసమే నిన్ను స్వస్థపరచెను" అన్నాడు. రెండు, యాకోబు 1:6, సందేహించేవాడు గాలికి రేగే సముద్ర తరంగంలాంటివాడు, వాడికి ప్రభువు వల్ల ఏమీ దొరకదు. వీటికి ఏం చెప్పాలి?

బాప్టిస్టు_హనుమకొండ
రెండోది ముందు. 6కు ముందున్న 5వ వచనం చదవండి. అక్కడ అడుగుతున్నది జ్ఞానం, రోగం నయం కావడం కాదు. కష్టాల్లో ఎలా నిలబడాలో తెలియనివాడు దేవుణ్ణి జ్ఞానం అడగాలి. 8వ వచనంలో యాకోబు ఎవరిని తిడుతున్నాడో తేలిపోతుంది: ద్విమనస్కుణ్ణి, అంటే దేవుడు కావాలి, లోకమూ కావాలి అని రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాణ్ణి. రాత్రిళ్లు భయంతో నిద్రపట్టని రోగిని కాదు.

భయపడేవాడి ప్రార్థన వినడేమో అనుకుంటే మార్కు 9 చూడండి. మూర్ఛలతో కొట్టుకుంటున్న కొడుకును తెచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. సగం నమ్మకం, సగం అపనమ్మకం, రెండూ ఒకే వాక్యంలో. కొడుకు బాగయ్యాడు. ఆవగింజంత విశ్వాసం చాలన్నవాడు దాన్ని తూకం వేస్తూ కూర్చుంటాడా?

ఇక ఆ స్త్రీ. ఆమె విశ్వాసం గొప్పదే. కానీ సువార్తల్లో నయమైన ప్రతివారికీ అదే కొలత పెట్టలేదు కదా. యోహాను 5లో, బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా పడి ఉన్న మనిషి ఉన్నాడు. "స్వస్థపడగోరుచున్నావా" అని అడిగితే సరే అని కూడా అనలేదు, నన్ను నీళ్లలో దించేవాళ్లు లేరని ఫిర్యాదు చేశాడు. లేచి నడిచాక, బాగుచేసింది ఎవరని అడిగితే పేరు కూడా తెలియదు. అతనికున్న విశ్వాసం ఎంత? ప్రభువును పట్టుకోవడానికి వచ్చిన ప్రధానయాజకుని దాసుడి చెవి తెగితే దాన్ని ముట్టి బాగుచేశాడు. వాడు శత్రువు. మార్కు 2లో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దించారు. ప్రభువు "వారి విశ్వాసము" చూశాడని రాసి ఉంది. మోసుకొచ్చినవాళ్ల విశ్వాసం లెక్కలోకి వచ్చింది. పడుకున్నవాణ్ణి ప్రశ్నలు వేయలేదు.

కాబట్టి మీ సంఘంవాళ్లకు నాదొక ప్రశ్న. విశ్వాసం తక్కువై నయం కాలేదంటే, ఎవరిది తక్కువైనట్టు? మంచం మీద ఉన్నవాడిదే అని ఎందుకు తేల్చారు?

ప్రార్థనాపరుడు_మానుకోట
ఈ ప్రశ్న మా పెద్దల కూటంలో పెడతా. నజరేతు వచనం గురించి మాత్రం మీరు చెప్పలేదు బ్రదర్.

బాప్టిస్టు_హనుమకొండ
నజరేతులో వాళ్లు అడగనేలేదు బ్రదర్. "ఇతడు వడ్లవాడు కాడా" అని ఆయన మీదే అభ్యంతరపడ్డారు. అడిగి, ఎదురుచూసి, దొరకనివాణ్ణి వాళ్లతో కలపడం న్యాయమా? అయినా ఆ వచనంలోనే కొద్దిమంది రోగుల మీద చేతులుంచి బాగుచేశాడని ఉంది.

ఎర్రజెండా_గోదావరిఖని
నేను నమ్మేవాణ్ణి కాదు, కానీ ఈ చర్చ బాగుంది. ఒక సంగతి చెబుతా, కోపం తెచ్చుకోకండి. అమెరికాలో హెర్బర్ట్ బెన్సన్ అనే డాక్టర్ బృందం 6 ఆస్పత్రుల్లో 1,802 మంది గుండె బైపాస్ రోగుల మీద పరీక్ష చేసింది. 2006లో ఫలితాలు వచ్చాయి. మూడు గుంపులు. మొదటి రెండు గుంపులకు తమ కోసం ప్రార్థన జరగవచ్చు, జరగకపోవచ్చు అని మాత్రమే చెప్పారు. వీళ్లలో ప్రార్థన జరిగినవాళ్లలో 52 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, జరగనివాళ్లలో 51 శాతానికి. తేడా లేదు. మూడో గుంపుకు మీ కోసం ప్రార్థన ఖాయంగా జరుగుతోందని చెప్పారు, జరిగింది కూడా. వాళ్లలో 59 శాతానికి ఇబ్బందులు. ఇక చెప్పండి.

కాజీపేట_ఫాతిమా
అన్నా, ఆ పరీక్ష నాకు తెలుసు. దాని గురించి మాకు భయం ఏమీ లేదు. ఎవరో ఏమిటో తెలియని రోగికి ముందే రాసిచ్చిన వాక్యం చదివి, దేవుడు పాసయ్యాడా ఫెయిలయ్యాడా అని చూడడం క్రైస్తవులు చేసే ప్రార్థన కాదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అని ప్రభువే సైతానుతో అన్నాడు.

అయినా ఆ 59 శాతం దగ్గర ఆగి ఆలోచించాలి. ప్రార్థన జరుగుతోందని తెలిసినవాళ్లకే ఎక్కువ ఇబ్బంది ఎందుకు వచ్చింది? "ప్రార్థన చేయించేంత సీరియస్‌గా ఉన్నానా", "ఇంతమంది చేస్తున్నారు, నాకు తగ్గాలి కదా" అనే టెన్షన్ ఒక కారణం కావచ్చని కొందరు అనుకున్నారు. అదే నిజమో కాదో తేలలేదు. కానీ పరకాల చెల్లీ, మీ బాపు మీద ఇప్పుడు వేసిన బరువు అచ్చం అదే. రోగం మోయాలి, రోగంతో పాటు సంఘం పరువు కూడా మోయాలి.

మేము కతోలికులం, మా దగ్గర కూడా అద్భుతాల మాట ఉంది. నయం కావాలని రోగులు పోయే ఫ్రాన్సులోని లూర్దు క్షేత్రం గురించి అందరికీ తెలుసు. అక్కడ 1883 నుంచి డాక్టర్ల కార్యాలయం ఒకటి ఉంది. మాకు నయమైందని చెప్పినవాళ్లు 7,000 మందికి పైనే. వాటిలో అద్భుతమని శ్రీసభ ఒప్పుకున్నవి 70కి కాస్త పైన, అంతే. మిగతా లక్షలమంది విశ్వాసం లేక ఇంటికి పోయారని మా ఫాదర్లు ఎవరూ అనరు. వచ్చి, స్నానం చేసి, జపం చెప్పుకుని, అదే రోగంతో తిరిగి పోతారు. మళ్లీ వస్తారు కూడా.

పాత సంగతి ఇంకొకటి. రోము నగరం 410లో దోపిడీకి గురైంది. అక్కడి నుంచి ఆఫ్రికాకు పారిపోయి వచ్చిన ప్రోబా అనే ధనిక విధవరాలు, ఎలా ప్రార్థించాలి అని బిషప్పు అగస్టీనుకు రాసింది. ఆయన జవాబు పెద్ద ఉత్తరం. అందులో, తీసేయమని పౌలు వేడుకున్నా దేవుడు తీయని ముల్లు గురించి కూడా రాశాడు. మనం ఏం అడగాలో మనకు సరిగా తెలియదు, కొన్నిసార్లు ఇవ్వకపోవడం కూడా దయే కావచ్చు అన్నాడు. దేవుడికి తెలియజేయడానికి మాటలు అక్కర్లేదు, మన కోరికను మనలో పెంచుకోవడానికే అవి కావాలని చెప్పాడు. 1,600 ఏళ్ల కిందటి మాట. మరి మన దగ్గర ఇది కొత్త సమస్య అన్నట్టు మాట్లాడుకుంటున్నాం.

ఎర్రజెండా_గోదావరిఖని
ఇవ్వకపోవడం కూడా దయ అంటే మళ్లీ ఎట్లైనా గెలిచే కత్తే కదా అక్కా. సరే, కనీసం మీ కత్తి రోగి మెడ మీద లేదు. దానికి ఒప్పుకుంటా.

జంపన్నవాగు
మాది ములుగు. నేను క్రైస్తవుణ్ణి కాదు, ఫ్రెండు లింకు పంపితే చదువుతున్నా. మీలో కొందరు ఇలాంటి బోధను "ఇది మొక్కుల మతం" అని తిడతారు, వినే ఉన్నా. అది మాకు అన్యాయం. సమ్మక్క సారలమ్మకు మొక్కుకుని, నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, మేడారం తీసుకపోతాం. రెండేళ్లకోసారి. అనుకున్నది జరిగినవాళ్లూ వస్తారు, జరగనివాళ్లూ వస్తారు. మా పెద్దమ్మ కొడుకు దక్కలేదు, అయినా తల్లుల దగ్గరికి ప్రతి జాతరకూ పోయింది. నీ భక్తి చాలలేదు అని గద్దె దగ్గర ఎవ్వరూ ఆమెను అడగలేదు.

ఇంకొకటి, మేం పని అయినంక మొక్కు చెల్లిస్తం. టీవీలో చూస్తే మీ దగ్గర "విత్తనం కానుక" అని ముందే అడ్వాన్సు కట్టాలట కదా?

ప్రార్థనాపరుడు_మానుకోట
తమ్మీ, ఆ మాట గట్టిగనే తగిలింది. మా సంఘంలో ఆ కానుక లేదు, చాలాచోట్ల ఉంది.

నల్లకోటు_జనగామ
న్యాయం వైపు నుంచి రెండు మాటలు. ప్రార్థన చేయడం నేరం కాదు, ఎవరూ ఆపలేరు. కానీ మంత్రం, తాయత్తు వంటి మహిమలతో కేన్సరు, షుగర్, మూర్ఛ లాంటి జాబితాలో ఉన్న రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 చట్టం ఒకటి నిషేధించింది. ఏ మతానికైనా వర్తిస్తుంది. పరకాల బిడ్డ గారి విషయంలో కేసు, పోలీసు ఆలోచన వద్దు. మాట్లాడితే సరిపోయే దశలోనే ఉంది.

డోర్నకల్_అమ్మమ్మ
చర్చ చట్టం దాకా పోయిందా! మెదక్ చర్చి గుడి ముచ్చట చెప్త, మా నాయిన చెప్పేటోడు. కరువు కాలంలో మనుషులు తిండి లేక అల్లాడుతుంటే, పాస్నెట్ అనే మిషనరీ దొర వాళ్లకు గుడి కట్టే పని పెట్టిండు. పనికి అన్నం. 1914లో మొదలుపెడితే పదేండ్లు పట్టింది, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిండ్రు. అన్నం కోసం ప్రార్థన చేసినోళ్లకు రాళ్లు మోసే పని దొరికింది. గది జవాబు కాదని ఎవడన్న అంటడా? మీ బాపుకు మిషన్ దొరికింది, ఆరోగ్యశ్రీ దొరికింది. రోజూ ఆ మిషన్ కోసం దేవునికి స్తోత్రం చెప్పుమను.

పరకాల_బిడ్డ
నిన్న రాత్రి బాపుకి రెండో కొరింథీయులు 12 చదివాను. ముల్లు తీసేయమని పౌలు ముమ్మారు వేడుకున్నాడు, "నా కృప నీకు చాలును" అని ప్రభువు చెప్పాడు. ఇది వింటే బాపుకి ధైర్యం వస్తుందనుకున్నా. బాపు అన్నమాట ఇది: "పౌలుకు జవాబు వచ్చింది బిడ్డా. కాదని చెప్పినా, చెప్పిండు గద. నాతోని ఏం చెప్పలే. రెండేండ్ల సంది అడుగుతున్న. అవునని లేదు, కాదని లేదు."

ఎవరైనా చెప్పగలిగితే చెప్పండి. నా దగ్గరైతే మాట లేదు.

కాజీపేట_ఫాతిమా
చెల్లీ, కీర్తన 88 చదివి చూడండి. కీర్తనల్లో చీకటి మాటలు చాలా ఉన్నాయి. కానీ వాటిలో దాదాపు అన్నీ చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. 88 తిరగదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. జవాబు లేని మనిషి ప్రార్థనను తీసేయకుండా అలాగే ఉంచారు, తరతరాలుగా పాడుకున్నారు. బాపు అన్నమాటకు బైబిల్లో చోటు ఉంది. అది పాపం కాదు.

బాప్టిస్టు_హనుమకొండ
ఫాతిమా గారు చెప్పినదాని పక్కన గెత్సేమనే పెట్టండి. "నా తండ్రీ, సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అని యేసు మూడుసార్లు ప్రార్థించాడు. మత్తయిలో, మార్కులో ఆ రాత్రి పైనుంచి ఒక్క మాట రాలేదు. బాప్తిస్మం దగ్గర వినిపించిన స్వరం, రూపాంతరం పొందిన కొండ మీద వినిపించిన స్వరం ఇక్కడ లేదు. లూకాలో దూత వచ్చి బలపరచినట్టు ఉంది, అప్పుడు కూడా మాట లేదు. లేచి చూస్తే శిష్యులు నిద్రపోతున్నారు, కాసేపటికి కత్తులు, గుదియలు పట్టుకుని జనం వచ్చారు. ఆయనకు దొరికిన జవాబు అది.

మీ సంఘంవాళ్లు చెప్పే లెక్క ప్రకారం చూస్తే ఆయన ప్రార్థన ఫెయిల్. అడిగింది దొరకలేదు కాబట్టి విశ్వాసం తక్కువ. ఆ మాట ఎవరైనా అనగలరా? "అయినను నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్న మాటను అవిశ్వాసం అనే బోధకులు ఉన్నారు. నీ చిత్తమైతే అని ప్రార్థిస్తే విశ్వాసానికి నీళ్లు పోసినట్టేనట. వాళ్లు ఎవరికి పాఠం చెబుతున్నారో ఒకసారి చూసుకోవాలి.

హెబ్రీయులు 5:7 ఇంకా ముందుకు వెళ్తుంది. యేసు మహా రోదనముతో, కన్నీళ్లతో, తనను మరణం నుంచి రక్షించగలవానికి ప్రార్థనలు చేశాడు, ఆయన అంగీకరింపబడ్డాడు అని ఉంది. విన్నాడట! కానీ ఆయన చనిపోయాడు కదా. మరి విన్నది ఏమిటి? సిలువను తప్పించడం కాదు. మరణంలోకి వెళ్లనిచ్చి, మూడోనాడు దాని అవతల నుంచి లేపడం. అంటే దేవుడు విన్నాడనడానికి రోగం పోవడం ఒక్కటే గుర్తు కాదు. మన విశ్వాసం అంతా కట్టింది ఈ మాట మీదే.

అదే పత్రికలో 11వ అధ్యాయం విశ్వాసవీరుల పట్టిక. సింహాల నోళ్లు మూయించారు, అగ్నిబలాన్ని చల్లార్చారు అని చెబుతూ చెబుతూ, 35వ వచనం మధ్యలో ఒక్కసారిగా తిరుగుతుంది: కొందరు యాతన పెట్టబడ్డారు, రాళ్లతో కొట్టబడ్డారు, రంపాలతో కోయబడ్డారు. వీళ్లందరూ విశ్వాసం వల్ల మంచి సాక్ష్యం పొందారు, వాగ్దానఫలం మాత్రం దొరకలేదు. తప్పించుకున్నవాళ్లనూ తప్పించుకోనివాళ్లనూ ఒకే పట్టికలో, ఒకే మార్కులతో పెట్టాడు.

బాపుకి నేను సలహా చెప్పగలిగేవాణ్ణి కాదు. రెండేళ్లుగా జవాబు లేకపోయినా ఆయన ఇంకా అడుగుతున్నాడు. విశ్వాసం లేనివాడు ఎప్పుడో మానేసేవాడు. ఈ ఒక్క మాట మాత్రం నా తరఫున చెప్పండి.

ఎర్రజెండా_గోదావరిఖని
నేను నమ్మకపోయినా, బాపుకి నా నమస్కారం చెప్పు చెల్లె.

ప్రార్థనాపరుడు_మానుకోట
ఇదంతా చదివాక మా దగ్గర ఒక పద్ధతి మార్చాలనిపిస్తోంది. ఆదివారం సాక్ష్యాలు చెప్పమని మైకు ఇస్తాం. ఉద్యోగం వచ్చినవాడు, బిడ్డ పుట్టినవాళ్లు, రిపోర్టు నార్మల్ వచ్చినవాళ్లు లేస్తారు. రిపోర్టు మారనివాళ్లు వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొడతారు. వాళ్లకు ఎప్పుడూ మైకు ఇవ్వలేదు. డిసెంబరు 31 రాత్రి బైబిల్ వచనాలున్న వాగ్దాన కార్డులు పంచుతాం, అన్నీ "ఆశీర్వదిస్తాను, హెచ్చిస్తాను" అనేవే. "నా కృప నీకు చాలును" అనే కార్డు ఎవరికైనా వచ్చిందంటే ముఖం మాడ్చుకుంటారు. ఒకాయన ఇంకో కార్డు తీసుకోవచ్చా అని నన్నే అడిగాడు.

జార్జ్ ముల్లర్ గురించి మేమంతా ప్రసంగాల్లో చెబుతాం. బ్రిస్టల్‌లో అనాథలను సాకాడు, ఎవరినీ చేయిచాచి అడగకుండా ప్రార్థనతోనే 10,000 మందికి పైగా పిల్లలను పెంచాడు అని. ఆయన కొడుకు పసితనంలోనే పోయాడని, 1870లో భార్య మేరీ జబ్బుపడితే ప్రార్థించినా దక్కలేదని, ఆమె సమాధి కార్యక్రమంలో ఆయనే నిలబడి "నీవు దయాళుడవై మేలు చేయుచున్నావు" అనే కీర్తన మీద ప్రసంగించాడని ఎవరం చెప్పం. పిల్లలకు తిండి లేని పూట ప్రార్థిస్తే రొట్టెలు వచ్చిన కథ చెప్పి ఆపేస్తాం.

అయినా స్వస్థత కోసం అడగడం మాత్రం మానొద్దు అమ్మా. దొరక్కపోవచ్చు అని ముందే అనుకుని సగం నోటితో అడగడం నాకు నచ్చదు. ధైర్యంగా అడగాలి, మందూ వేసుకోవాలి, ఏమైనా ఆయన చేతిలోనే ఉండాలి. షద్రకు, మేషాకు, అబేద్నెగో తమను అగ్నిగుండంలో వేస్తానన్న రాజుతో అన్నది అదే: మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ బొమ్మకు మొక్కం.

మీ సేవకుడితో నువ్వు వాదించకు. ఆయన ఫోన్ నంబరు నాకు మెసేజ్ పెట్టు. నేను పెంతెకొస్తు వాణ్ణే కాబట్టి నా మాట కొంచెం వింటాడేమో. ఉపవాస ప్రార్థన సంఘమే చేయనీ, మార్కు 2లో నలుగురు మోసినట్టు. బాపు మాత్రం టైముకు తిని, టైముకు డయాలసిస్‌కు పోనీ.

పరకాల_బిడ్డ
పెట్టాను అన్నా. ఆయన చెడ్డవాడు కాదు, మెల్లగా మాట్లాడండి. బాపుకి కీర్తన 88 చదివాను. రెండోసారి చదవమన్నాడు. తర్వాత హెబ్రీయులు 5 చదివాను. "అయితే ప్రభువుకు కూడా గట్లనే అయిందా" అన్నాడు, ఇంకేం అనలేదు. శనివారం డయాలసిస్‌కు నేనే తీసుకొస్తున్నా.

ప్రార్థనాపరుడు_మానుకోట
మీ సేవకుడితో ఈ రోజు గంటసేపు మాట్లాడా. పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ డయాలసిస్ మానమని ఇక చెప్పనన్నాడు. శనివారం ఆస్పత్రికి తనూ వస్తానన్నాడు, నేనూ వస్తున్నా. నాలుగు గంటలు పడుతుందట కదా, అంతసేపూ పక్కన కూర్చుని ప్రార్థన చేస్తాం. నర్సమ్మా, లోపలికి ఎంతమందిని రానిస్తారు?

డయాలసిస్_సిస్టర్
చాలాచోట్ల ఒక్కరినే, అదీ యూనిట్ ఇన్‌ఛార్జిని అడిగాకే. చెప్పులు బయట విడవాలి, మాస్కు పెట్టుకోవాలి. సూది గుచ్చేటప్పుడు, తీసేటప్పుడు దగ్గరికి రావద్దు. చేతులుంచి ప్రార్థన చేయాలంటే ఫిస్టులా (సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన చోటు) ఉన్న చేతిని ముట్టొద్దు. పాటలు వద్దన్నా, పక్క బెడ్లవాళ్లు పడుకుంటారు. తినడానికి ఏమైనా తెస్తే అరటిపండ్లు మాత్రం తేకండి.